దుర్మార్గుడు చనిపోయిన రోజు మనం ఎవరింటికి వెళ్ళాలి?

ఏళ్ళ తరబడి జనం తిట్టుకున్న మనిషి ఒకడు చనిపోయాడని వార్త వస్తుంది. ఎన్‌కౌంటర్ కావచ్చు, ఉరిశిక్ష కావచ్చు, మామూలు గుండెపోటు కావచ్చు. పది నిమిషాల్లో ఫోన్ నిండిపోతుంది. "పీడ విరగడైంది", "పాపం పండింది", "దేవుడున్నాడు". రోజూ పొద్దున్నే వాక్యం పంపుకునే సంఘం గ్రూపులో కూడా అవే మాటలు, వాటి పక్కన టపాసుల బొమ్మలు. ఆ మధ్య మా యూత్ కూటంలో ఒక తమ్ముడు సూటిగా అడిగేశాడు: "అన్నా, అలాంటోడు చస్తే సంతోషించడం తప్పా? తప్పయితే మరి ఏడవాలా?" అప్పుడు టైం లేక రెండు ముక్కల్లో చెప్పాను. ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఆ రోజు మనం ఆ శవం చుట్టూ మూగకూడదు. అతని వల్ల నాశనమైన ఇల్లు ఒకటి ఉంటుంది. అతని సొంత ఇల్లు ఒకటి ఉంటుంది. క్రైస్తవుడికి పని ఆ రెండు ఇళ్ళలో ఉంది. నవ్వాలా ఏడవాలా అన్న ప్రశ్న, ఆ రెండు గడపలూ తొక్కినవాడికి పెద్దగా మిగలదు.

ముందు బైబిల్ సంగతి. చాలామంది సామెతలు 24:17 ఒక్కటే చదివి ముగించేస్తారు, నీ శత్రువు పడినప్పుడు సంతోషించవద్దని. నిజమే, ఆ మాట ఉంది. కానీ అదే సామెతల గ్రంథంలో 11:10 కూడా ఉంది, భక్తిహీనులు నశించినప్పుడు పట్టణంలో ఉత్సాహధ్వని పుడుతుందని. నిర్గమకాండం 15లో ఫరో సైన్యం మునిగిపోయాక మిర్యాము తంబుర పట్టుకుని పాడింది, ఆమె వెంట స్త్రీలందరూ నాట్యం చేశారు. 58వ కీర్తన చివరి వచనాలు సండే స్కూల్ పిల్లలతో కంఠస్థం చేయించలేం, అంత కటువుగా ఉంటాయి. వీటన్నిటినీ పక్కన పెట్టి "క్రైస్తవులు ఎప్పుడూ శాంతంగా ఉండాలి" అని తేల్చేస్తే, బైబిల్ సగమే చదివినట్టు.

నాకు అర్థమైనంతవరకు, మిర్యాము పాటలో ప్రాణం ఎక్కడుందంటే వాళ్ళు బతికి బయటపడ్డారన్న దానిలో ఉంది. నిన్నటిదాకా వెనక రథాల చప్పుడు, ముందు నీళ్ళు, చంకలో పిల్లలు. తెల్లారేసరికి ఒడ్డున ఉన్నారు. ఆ ఊపిరి పీల్చుకోవడాన్ని దేవుడు తప్పు పట్టలేదు. కీర్తనల్లోని ఆ కటువైన మాటలు కూడా దెబ్బ తిన్నవాళ్ళ నోటి నుంచి వచ్చిన కేకలే. ప్రకటన 6:10లో వధించబడినవాళ్ళ ఆత్మలు "ఎందాక" అని అడుగుతున్నాయి, దేవుడు వాళ్ళని గద్దించలేదు, తెల్లని వస్త్రమిచ్చి ఇంకొంత కాలం ఆగమన్నాడు. కాబట్టి కూతుర్ని పోగొట్టుకున్న తల్లి "వాడు చచ్చాడు, ఇవాళ నిద్రపడుతుంది" అంటే, ఆమెకి 24:17 చూపించే హక్కు నాకు లేదు, మీకూ లేదు. అయితే ఆ తల్లి కేకని అరువు తెచ్చుకుని, ఏమీ పోగొట్టుకోని మనం దాన్ని పండగ చేసుకోవడం వేరే సంగతి. నాకు అభ్యంతరమల్లా అక్కడే.

మన దగ్గర జరిగిందే తీసుకుందాం. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర టోల్ ప్లాజా పక్కన స్కూటర్ పెట్టుకున్న ఒక వెటర్నరీ డాక్టర్ మీద అత్యాచారం చేసి, చంపి, షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి బ్రిడ్జి కింద తగలబెట్టారు. ఆ అమ్మాయిని మనమందరం దిశ అనే పిలుచుకున్నాం. ఆ వారం రోజులు ఆడపిల్లలున్న ఏ ఇంట్లోనూ మనశ్శాంతి లేదు, చీకటి పడ్డాక కూతురు ఫోన్ ఎత్తకపోతే తండ్రులు బస్టాండుకి పరిగెత్తారు. డిసెంబర్ 6 తెల్లవారుజామున నలుగురు నిందితులూ అదే చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పొద్దెక్కేసరికి జనం అక్కడికి చేరి పోలీసుల మీద పూలు చల్లారు, టపాసులు కాల్చారు, ఊళ్ళలో స్వీట్లు పంచారు. ఆ తర్వాతి ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల టైంలో ఒకాయన లేచి, దేవుడు త్వరగా తీర్పు తీర్చాడు, స్తోత్రం అన్నాడు. సగం సంఘం ఆమెన్ అంది.

నేను ఆ ఆమెన్ అనలేకపోయాను. కారణం ఆ నలుగురి మీద జాలి అనుకోకండి. కోర్టులో విచారణ మొదలవనే లేదు, ఎవరు ఏం చేశారో సాక్ష్యాలతో తేలనే లేదు. అప్పుడే దాన్ని దేవుని తీర్పు అని ఎలా అంటాం? తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మే నెలలో బయటికి వచ్చింది. పోలీసులు చెప్పిన కథ నమ్మదగ్గది కాదని, చంపే ఉద్దేశంతోనే కాల్చారని, ఆ నలుగురిలో ముగ్గురు చనిపోయే నాటికి మైనర్లని అది చెప్పింది. రోమా 13 ప్రకారం అధికారి ఖడ్గం ఊరకే ధరించడు, ఒప్పుకుంటాను. కానీ ఆ ఖడ్గం చట్టం చేతిలో ఉండాలి. చట్టాన్ని దాటి దూసిన కత్తికి స్తోత్రం చెప్పడం మొదలుపెడితే, ఆ కత్తి రేపు ఎవరి వైపు తిరుగుతుందో, అల్పసంఖ్యాకులుగా బతుకుతున్న మనకి ఒకరు చెప్పాలా?

ఇంకో సంగతి. ఆ పూల ఫోటోలు అందరికీ గుర్తున్నాయి. ఆ అమ్మాయి తల్లిదండ్రుల గడప మరుసటి నెలలో ఎంతమంది తొక్కారు? నారాయణపేట జిల్లాలో ఆ నిందితుల ఊళ్ళలో, గర్భంతో ఉన్న ఒక భార్య మిగిలిపోయిందని పేపర్లలో వచ్చింది. ఆమె ఏ నేరం చేసింది? ఈ రెండు ప్రశ్నలూ మన ఆరాధనల్లో ఎక్కడా వినబడలేదు. ఆనందం అంత పెద్దగా మోగితే మిగతా శబ్దాలు చెవిన పడవు.

యెహెజ్కేలు 33:11 నాకు చాలా ఇష్టమైన, చాలా కష్టమైన వచనం. "దుర్మార్గుడు మరణము నొందుటవలన నాకు సంతోషము లేదు" అని దేవుడు తన జీవం తోడు ఒట్టేసి చెప్తున్నాడు. వాడు తన మార్గం నుంచి మళ్ళి బతికితేనే ఆయనకి సంతోషం. ఇక్కడ దేవుడు దుర్మార్గుణ్ణి మంచివాడు అనడం లేదు, శిక్ష లేదు అనడం లేదు. మారేందుకు ఉన్న వ్యవధి అయిపోయింది, అది ఆయనకి నష్టం. దేవుడు నష్టంగా లెక్క రాసుకున్న చోట ఆయన పిల్లలు లాభం రాసుకోవడం నాకు మింగుడుపడదు.

అలాగని చచ్చినవాడి కళ్ళు చారెడు అన్నట్టు లేని గొప్పలు అంటగట్టక్కర్లేదు. దావీదుని చూడండి. రాజైన సౌలు అతన్ని కొండలూ గుహలూ పట్టించి తరిమాడు, ఈటె విసిరాడు, అతనికి రొట్టెలిచ్చిన పాపానికి నోబు ఊరి యాజకుల్ని ఎనభై అయిదు మందిని ఒక్కరోజులో నరికించాడు. అలాంటి సౌలు గిల్బోవ కొండల మీద పడిపోతే, దావీదు బట్టలు చింపుకుని పాట కట్టాడు, ఈ వార్త గాతు వీధుల్లో చెప్పొద్దన్నాడు, శత్రువుల ఆడవాళ్ళు పండగ చేసుకోకూడదని. ఆ పాటలో సౌలు పరాక్రమం ఉంది, అతని పాలనలో స్త్రీలు కట్టుకున్న ఎర్రని బట్టల మాట ఉంది. సౌలు నీతిమంతుడని మాత్రం ఒక్క ముక్క లేదు. నిజమైనంతవరకే చెప్పి, మిగతాది నోరు కట్టుకున్నాడు. యాబేష్గిలాదువాళ్ళు ఇంకా ముందుకెళ్ళారు. రాత్రంతా నడిచి వెళ్ళి బేత్షాను గోడకి వేలాడుతున్న శవాన్ని దించి తెచ్చారు. ఒకప్పుడు సౌలు వాళ్ళ ఊరిని కాపాడాడు, అది మర్చిపోలేదు.

మన చుట్టూ ఉన్న హిందూ పెద్దలు కూడా ఈ విషయం ఎరిగినవాళ్ళే. రావణుడు పడిపోయాక రాముడు విభీషణుడితో అన్న మాటగా "మరణాంతాని వైరాణి" అని మా ఊరి మాస్టారు చెప్పేవారు, చావుతో పగ సరి, ఇక అతనికి సంస్కారం చెయ్యి అని. మన పొరుగువాళ్ళకి తెలిసిన ఈ పాటి మర్యాద, సిలువ దగ్గర నిలబడ్డామని చెప్పుకునే మనకి ఇంకెంత తెలియాలి.

ఇప్పుడు హెన్రీ గెరెకే గురించి చెప్పాలి. ఈయన పేరు మన తెలుగు ప్రసంగాల్లో ఎందుకు వినబడదో నాకు అర్థం కాదు. అమెరికాలో సెయింట్ లూయిస్ ప్రాంతపు లూథరన్ పాస్టరు, రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి చాప్లిన్, అంటే సైనికుల మధ్య పరిచర్య చేసే పాస్టరు. యుద్ధం అయ్యాక న్యూరెంబర్గ్‌లో హిట్లర్ అనుచరుల మీద విచారణ జరిగినప్పుడు, ఆ ఖైదీల్లో ప్రొటెస్టెంట్లకి ఆత్మీయ పరిచర్య చేయడానికి వెళ్తారా అని అడిగారు. అప్పటికి ఆయనకి యాభై దాటాయి, ఆయన కొడుకులు ఇద్దరు అదే యుద్ధంలో గాయపడ్డారు. లక్షలాది యూదుల్ని చంపించిన మనుషుల సెల్‌లోకి బైబిల్ పట్టుకుని వెళ్ళడమంటే మాటలా? ఆయన ప్రార్థన చేసుకుని వెళ్ళాడు. చెయ్యి చాపి పలకరించాడు. ఆ పలకరింపుకి సొంతవాళ్ళే ఆయన్ని తప్పు పట్టారు. ఏడాది తిరక్కముందే, ఈయన ఇంటికి వెళ్ళిపోతాడేమో అని భయపడి ఆ ఖైదీలే ఆయన భార్యకి ఉత్తరం రాశారు, మీ ఆయన్ని ఇక్కడే ఉండనివ్వండి అని.

నాకు ఆయన మీద గౌరవం రెండింతలు కావడానికి కారణం, ఒకప్పుడు హిట్లర్ తర్వాత అంతటివాడైన గోరింగ్ సంగతి. ఉరికి ముందు రాత్రి గోరింగ్ ప్రభురాత్రి భోజనం ఇమ్మని అడిగాడు. అంతకుముందు ఆ సంభాషణలోనే గెరెకే అతని చిన్న కూతురు చెప్పిన మాట గుర్తు చేశాడు, మా నాన్న హృదయం తెరుచుకుని యేసుని లోపలికి రానివ్వాలని రోజూ ప్రార్థన చేస్తున్నానని ఆ పిల్ల ఈయనతో అన్నది. గోరింగ్ కదలలేదు, క్రీస్తు రక్షకుడన్న దాన్ని ఎగతాళి చేస్తూనే, ఎందుకైనా మంచిదన్నట్టు రొట్టె ద్రాక్షరసం అడిగాడు. గెరెకే ఇవ్వనన్నాడు. విశ్వాసం లేకుండా ఇవ్వలేనని మొహం మీదే చెప్పాడు. అదే జైల్లో హిట్లర్ సైన్యంలో పెద్ద అధికారి కైటెల్ మోకాళ్ళూని కన్నీళ్ళతో అడిగినప్పుడు ఇచ్చాడు. గోరింగ్ ఆ రాత్రే సయనైడ్ మింగి చనిపోయాడు. మిగిలినవాళ్ళలో పదిమందిని 1946 అక్టోబర్ 16 తెల్లవారుజామున ఉరి తీశారు, తన మనుషుల పక్కన గెరెకే ఉరికంబం దాకా నడిచాడు. శిక్ష వద్దనలేదు. వాళ్ళు నిర్దోషులనలేదు. పశ్చాత్తాపం ఉందో లేదో తేలిగ్గా తీసుకోలేదు. అయినా ఆ మెట్ల దగ్గర వాళ్ళని ఒంటరిగా వదలలేదు. ప్రేమ మెత్తగా ఉంటుందనుకునేవాళ్ళు ఈ మనిషిని చూడాలి.

రెండో ఉదాహరణ అమెరికాలోనే, పెన్సిల్వేనియాలో నికెల్ మైన్స్ అనే పల్లె. 2006 అక్టోబర్ 2న, పాల ట్యాంకర్ నడిపే ఒకతను ఆమిష్ పిల్లల ఒంటిగది బడిలోకి తుపాకీతో చొరబడి, మగపిల్లల్ని బయటికి పంపేసి, పదిమంది ఆడపిల్లల్ని కాల్చాడు. అయిదుగురు చనిపోయారు. తర్వాత తననీ కాల్చుకున్నాడు. ఆమిష్‌వాళ్ళు గుర్రబ్బండ్ల మీద తిరిగే, టీవీ లేని, చాలా సాదా క్రైస్తవులు. వాళ్ళలో కొందరు ఆ సాయంత్రమే హంతకుడి భార్య ఉన్న చోటికి, అతని తల్లిదండ్రుల ఇంటికి వెళ్ళారు. మీమీద మాకు పగ లేదని చెప్పడానికి. ఆ తల్లి తర్వాత చాలా ఏళ్ళు చాలా చోట్ల ఈ సంగతి చెప్పింది. శనివారం హంతకుడి భూస్థాపనకి వచ్చినవాళ్ళలో దాదాపు సగం మంది ఆమిష్‌వాళ్ళే, అంతకు ఒకటి రెండు రోజుల ముందు తమ కూతుళ్ళని పాతిపెట్టిన తల్లిదండ్రులు కూడా అందులో ఉన్నారు. వచ్చిన విరాళాల్లో హంతకుడి భార్యాపిల్లలకీ భాగం ఇచ్చారు. ఆ బడిని పది రోజుల్లో పడగొట్టి, వేరే చోట కొత్త బడి కట్టుకున్నారు. తలకి గాయమై మంచానికీ కుర్చీకీ అంటుకుపోయిన ఒక పాపకి, హంతకుడి తల్లే వారం వారం వెళ్ళి స్నానం చేయించి, కథలు చదివి, పాటలు పాడేది. రెండు ఇళ్ళ మధ్య దారి అలా పడింది.

"అది అమెరికా బ్రదర్, ఇక్కడ కుదరదు" అనే మాట నేను చాలాసార్లు విన్నాను. కుదిరింది నా కళ్ళ ముందే చూశాను. మా ఊళ్ళో వడ్డీ వ్యాపారి ఒకతను ఉండేవాడు. నూటికి పది రూపాయలు వడ్డీ, ఖాళీ కాగితాల మీద వేలిముద్రలు, కట్టలేకపోతే పొలం. మా పేటలో అతని చేతిలో పొలం పోగొట్టుకోని ఇల్లు వెతకాలి. మా పెద్దమ్మ అర ఎకరం అలాగే పోయింది. అతను ఉన్నట్టుండి గుండె ఆగి పోయాడు. పేటలో కుర్రాళ్ళు చెరువు గట్టు మీద సీమటపాకాయలు పేల్చారు. పెద్దమ్మ మాత్రం బడ్డీ కొట్టు దగ్గర పాల ప్యాకెట్లు, అరటిపళ్ళు, బ్రెడ్డు కొంటోంది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగదు, మామూలుగా అయితే పొరుగువాళ్ళు అన్నం వండి తీసుకెళ్తారు. మా ఇళ్ళలో వండింది ఆ ఇంట్లో ముట్టరని పెద్దమ్మకి తెలుసు, అందుకే కొన్నవి పట్టుకెళ్ళింది. నేను సంచీ మోస్తూ వెనకే వెళ్ళాను. గేటు దగ్గర బంధువు ఒకాయన "నువ్వెందుకొచ్చావమ్మా, ఆయన పోయాడని చూసి పోదామనా?" అన్నాడు. పెద్దమ్మ ఏమాత్రం తొణకలేదు. "ఆయన కోసం రాలేదయ్యా. పొద్దుట్నించీ పిల్లలు ఏం తినలేదంట, అందుకొచ్చా" అంది. లోపల్నించి ఆ ఇంటి కోడలు వచ్చి సంచీ తీసుకుంది. అంతే, పెద్ద మాటలేం జరగలేదు.

ఆ తర్వాతి వారమే పెద్దమ్మ తన అర ఎకరం కాగితాల కోసం తహసీల్దార్ ఆఫీసులో మళ్ళీ అర్జీ పెట్టింది. క్షమించినదానివి మళ్ళీ అర్జీ ఎందుకు అని ఎవరో అంటే, "పగ దేవుడికి అప్పజెప్పా, పొలం అప్పజెప్పలా" అంది. రోమా 12:19 మీద నేను విన్న వివరణల్లో దీన్ని మించింది లేదు. పగ తీర్చడం నా పని అని దేవుడు అన్నాడంటే, న్యాయం అడగొద్దని కాదు కదా. బాధితులు కేసు వెయ్యాలి, పరిహారం అడగాలి, సంఘం వాళ్ళ వెంట కోర్టు మెట్లెక్కాలి. దుర్మార్గుడు చనిపోయినంత మాత్రాన అతను దోచింది తిరిగి రాదు, ఆ పని అలాగే ఉండిపోతుంది.

మరి అతను నరకానికి పోయాడా? ఈ ప్రశ్న కూడా వస్తుంది. నేను చెప్పను. సిలువ మీద ఆ దొంగ ఆఖరి గడియల్లో యేసుతో అన్నది ఒక్క వాక్యం, కింద ఉన్నవాళ్ళలో ఎంతమందికి వినబడిందో తెలియదు. గోడ అవతల, ఆస్పత్రి మంచం మీద, ఆఖరి ఊపిరిలో ఏం జరిగిందో మనం చూడలేదు. ఒకసారే చావు, ఆ తర్వాత తీర్పు అని హెబ్రీ 9:27 చెప్తోంది, ఆ తీర్పు కుర్చీ ఖాళీగా లేదు. సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయిన సంగతి ఎత్తి యేసు ప్రభువు, వాళ్ళు మిగతావాళ్ళకన్నా పాపులు కారని చెప్పి, వింటున్నవాళ్ళ వైపు తిరిగి మీరు మారుమనస్సు పొందండి అన్నాడు. నాకైతే ప్రతి ఎన్‌కౌంటర్ వార్త కింద ఆ అధ్యాయం, లూకా 13, అచ్చేయాలనిపిస్తుంది.

చివరిగా పాస్టర్ల కోసం ఒక మాట, ఎందుకంటే ఈ టెన్షన్ ఎక్కువగా వాళ్ళకే. సంఘంలో పేరున్న మనిషే దుర్మార్గుడైతే? భార్యని చావబాదినవాడు, సంఘం ఆస్తి మింగినవాడు, పిల్లల మీద చెయ్యి వేసినవాడు. భూస్థాపన చేయమని ఇంటివాళ్ళు అడుగుతారు. చేయండి, తప్పకుండా చేయండి. కానీ "మహిమలో ప్రవేశించిన దైవజనుడు" అని ఫ్లెక్సీ వేయనివ్వకండి. ఆ గుంపులో వెనక ఎక్కడో అతని చేతిలో నలిగినవాళ్ళు నిలబడి ఉంటారు, మీ నోటి నుంచి వచ్చే ఒక్క అబద్ధపు పొగడ్త వాళ్ళని సంఘం నుంచి శాశ్వతంగా తరిమేస్తుంది. వాక్యం చదవండి, దేవుని తీర్పు గురించి, ఆయన కనికరం గురించి చెప్పండి, ఇంటివాళ్ళ కోసం ప్రార్థన చేయండి. "ఈయన వల్ల బాధపడినవాళ్ళు ఉన్నారని మాకు తెలుసు, వాళ్ళ కోసం కూడా ప్రార్థిస్తున్నాం" అని ఆ సమాధి దగ్గరే అనండి. కుటుంబానికి కోపం వస్తుందేమో. రానివ్వండి. ముందే ఇంటికి వెళ్ళి, ఆ మాట అనబోతున్నానని కూర్చోబెట్టి చెప్పండి. ఆ సాయంత్రమే, వీలైతే భార్యని వెంటబెట్టుకుని, నలిగినవాళ్ళ ఇంటికి వెళ్ళి టీ తాగి రండి.